అంపశయ్య: రెండుసార్లు మూసేసి, మూడోసారి చదివిన నవల

ముందే చెప్పేస్తున్నా, నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. ఇంజనీరింగ్ చదివి, ఏడాదికి నాలుగైదు తెలుగు పుస్తకాలు చదివే మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అదీ ఎక్కువగా రైల్లోనే. మా కావలి నుంచి హైదరాబాదు పోవాలంటే సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి పడుతుంది కదా, నిద్ర పట్టనివాడికి ఒక నవలలో సగం అయిపోతుంది. అలా సగం కూడా కాకుండా నేను రెండుసార్లు మూసేసిన నవల ఒకటుంది. నవీన్ గారి "అంపశయ్య". మూడోసారి మొదలుపెట్టి రెండు రోజుల్లో పూర్తి చేశాను. ఆ తర్వాత మళ్ళీ ఇంకోసారి చదివాను. ఎందుకు వదిలేశానో, ఎందుకు మళ్ళీ పట్టుకున్నానో చెబుదామని ఈ టపా.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. నవీన్ గారి అసలు పేరు దొంగరి మల్లయ్య. ఉమ్మడి వరంగల్ జిల్లా వావిలాల ఆయన ఊరు. అంపశయ్య 1969లో పుస్తకంగా వచ్చింది. ఎంత పేరొచ్చిందంటే ఆ తర్వాత ఆయన్ని అందరూ అంపశయ్య నవీన్ అనే పిలిచారు, నవల పేరే ఇంటిపేరైపోయింది. 2004లో ఆయనకి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది మాత్రం దీనికి కాదు, "కాలరేఖలు" అనే నవలకి. అంపశయ్యని 2016లో ప్రభాకర్ జైని గారు సినిమాగా కూడా తీశారు.

ఇక కథ. రవి అనే కుర్రాడు. పల్లెటూరి పేద కుటుంబం నుంచి వచ్చి ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుంటూ హాస్టల్లో ఉంటాడు. తెల్లవారుజామున మొదలై ఆ రాత్రితో నవల అయిపోతుంది. అంతే. ఒక్క రోజు. ఆ రోజు పెళ్ళి జరగదు, విలన్ రాడు. రవి తలలో ఏం తిరుగుతోందో అదే నవల. దీన్ని తెలుగులో "చైతన్య స్రవంతి" అంటారు. మనిషి ఆలోచన ముక్కలు ముక్కలుగా కాకుండా ఏరులా పారుతుందని 1890లో విలియం జేమ్స్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త తన పుస్తకంలో రాశాడు. ఆ మాటని తర్వాత నవలలవాళ్ళు తీసుకున్నారు. 1922లో జేమ్స్ జాయిస్ "యులిసిస్", 1925లో వర్జీనియా వూల్ఫ్ "మిసెస్ డాలోవే" రెండూ ఒక్కో రోజు కథలే. యులిసిస్ నేను చదివాను అని చెప్పను. మొదలుపెట్టాను, అంతే :)

నా మొదటి ప్రయత్నం 2019లో. కొత్తగా ఉద్యోగం వచ్చి హైదరాబాదులో హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు చూడండి, అక్కడ దొరికింది. ఇరవై పేజీలు చదివి పక్కన పెట్టేశాను. కారణం చాలా సింపుల్. ఎవరు ఎవరో తెలీదు. ఒక పేరు వస్తుంది, ఆ మనిషి ఎవరో చెప్పరు. రవి గదిలో ఉన్నాడనుకుంటే హఠాత్తుగా ఊళ్ళో ఉంటాడు. వాళ్ళమ్మ గుర్తొస్తుంది, అంతలో చదవాల్సిన పాఠం, అంతలో ఎవరో అమ్మాయి, అంతలో డబ్బు. కామెంట్లు లేకుండా, డాక్యుమెంటేషన్ లేకుండా ఎవరో వదిలేసి వెళ్ళిపోయిన కోడ్ నా నెత్తిన పడ్డట్టుంది. ఆఫీసులో ఆ పనే, ఇంటికొచ్చాక కూడా అదేనా అనిపించింది.

రెండోసారి 2021లో, కరోనా టైములో. కావలిలో ఇంటి నుంచి పని చేస్తున్నప్పుడు. ఈసారి పట్టుదలగా నలభై పేజీల దాకా వెళ్ళాను. ఒక కాగితం మీద పాత్రల పేర్లు రాసుకుంటూ, ఏది ఇప్పుడు జరుగుతోంది, ఏది గతం, ఏది వాడి ఊహ అని గీతలు గీసుకుంటూ చదివాను. ఆ కాగితం నిండిపోయింది కానీ పుస్తకం మాత్రం నాకు ఎక్కలేదు. అప్పుడు నా స్నేహితుడితో గట్టిగా వాదించాను కూడా. "అర్థమయ్యేలా రాయడం రాసేవాడి బాధ్యత. రీడర్‌ని కష్టపెట్టి, అది గొప్పతనం అంటే ఎట్లా?" అని. కోడ్ రివ్యూలో నేను జూనియర్లకి చెప్పే మాటే అది. ఇప్పటికీ అది తప్పని అనుకోవట్లేదు. కాకపోతే ఈ నవల విషయంలో నేను తప్పు చోట వాడాను.

మూడోసారి చదవడానికి కారణం సాహిత్యాభిమానం కాదు. 2023 చివర్లో నేను చేస్తున్న ప్రాజెక్టు ఆపేశారు. బెంచ్ మీద వేశారు. ఆ ఏడాది సాఫ్ట్‌వేర్‌లో ఎంతమందిని ఇంటికి పంపారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్ని వారాల్లో ప్రాజెక్టు దొరక్కపోతే "మాట్లాడతాం" అన్నారు. ఆ మాటకి అర్థం బెంచ్ మీద కూర్చున్న ఎవరినడిగినా చెబుతారు. నేను హైదరాబాదు గదిలో ఒక్కణ్ణే ఉండలేక కావలి వచ్చేశాను. ఇంట్లో మాత్రం "నెల రోజులు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు" అని చెప్పాను.

మా నాయన టైలరు. ఇంటి ముందు గదే షాపు. ఒకప్పుడు పండగకి నెల ముందు నుంచే బట్టలు వచ్చి పడేవి. ఇప్పుడు అందరూ రెడీమేడ్లు, జూన్‌లో స్కూలు యూనిఫారాలే ఆధారం. అలాంటి ఇంట్లో నేను రోజూ పొద్దున తొమ్మిదికి ల్యాప్‌టాప్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేవాణ్ణి. మీటింగ్ అని చెప్పేవాణ్ణి. లోపల ఏం చేసేవాణ్ణి? ఏమీ లేదు. మెయిల్ తెరవడం, మూయడం. లోను వాయిదా ఎంత, ఖాతాలో ఎంత ఉంది, ఎన్ని నెలలు వస్తుంది అని లెక్క. ఆ లెక్క మధ్యలో ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అని. దాని మధ్యలో ఫలానావాడు నాకంటే తక్కువ పనిచేసి ప్రాజెక్టులో ఉన్నాడే అని. అంతలో నాయన మిషను చప్పుడు. ఆ చప్పుడు వినగానే మళ్ళీ లెక్క. సాయంత్రం ఆరింటికి తలుపు తీసి బయటికొస్తే ఒళ్ళు హూనమైపోయి ఉండేది. పని మాత్రం సున్నా.

అలాంటి ఒక శనివారం, అల్మారాలో ఏదో వెతుకుతుంటే అంపశయ్య కనబడింది. లోపల నా పాత కాగితం, గీతలతో సహా. ఊరికే ఒక పేజీ తీసి చదివాను. ఈసారి కాగితం అవసరం పడలేదు. రవి ఒక ఆలోచన మొదలుపెట్టి మధ్యలో వదిలేసి ఇంకోదాంట్లోకి జారిపోతుంటే నేను తప్పిపోలేదు. నాతోపాటే నడుస్తున్నట్టుంది. వాడు ఎక్కడికి జారతాడో నాకు ముందే తెలిసిపోతోంది కూడా. ఎక్కడ తిరిగినా చివరికి డబ్బు దగ్గరికీ, ఇంటి దగ్గరికీ, తనమీద తనకున్న చిరాకు దగ్గరికీ వస్తాడు. పరిచయం చేయకుండా పేర్లు ఎందుకొస్తున్నాయో కూడా అప్పుడు తట్టింది. మా అమ్మ గుర్తొచ్చినప్పుడు నా బుర్ర నాకు "ఈమె మీ అమ్మ, వయసు ఇంత" అని పరిచయం చేయదు కదా!

మనవాళ్ళకి అర్థమయ్యే పోలిక ఒకటి చెబుతాను. ఒక సర్వర్ ఉంటుంది. బయటనుంచి చూస్తే రెస్పాన్స్ లేదు, అవుట్‌పుట్ లేదు, ఖాళీగా ఉన్నట్టుంటుంది. లోపలికి వెళ్ళి చూస్తే సీపీయూ నూరు శాతం. వందల థ్రెడ్లు, ఏదీ పూర్తికాదు, ఒకటి ఇంకోదాని కోసం ఆగి ఉంటుంది. స్విచ్చింగ్‌కే శక్తంతా పోతుంది. మేనేజర్‌కి వెళ్ళే రిపోర్టులో దాన్ని ఒక్క లైనులో రాస్తాం, "సర్వర్ స్పందించడం లేదు" అని. అసలు ఏం జరిగిందో తెలియాలంటే మాత్రం లాగ్ చదవాలి. లాగ్ అందంగా ఉండదు, వరసలో ఉండదు, చెప్పిందే వందసార్లు చెబుతుంది. అంపశయ్య నాకు అలాంటి లాగ్. నేనేమో రెండుసార్లు దాన్ని రిపోర్టులాగా చదవబోయాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం షాపులో బల్ల మీద కూర్చుని చివరి పేజీల్లో ఉన్నాను. నాయన చూసి అడిగాడు.

"ఏందబ్బయా, నిన్నటి నించీ ఆ పుస్తకం ఇడవకుండా ఉండావు?"

"నవల నాయనా."

"కథేంది?"

"హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లోడు. వాడి ఒక రోజు."

"ఆ రోజు ఏం జరిగిందంట?"

"ఏం జరగలా."

"ఏం జరక్కుండా అంత లావు పుస్తకం ఎట్టా రాశాడు?"

"వాడి మనసులో ఏమేం తిరగతా ఉండాయో అవన్నీ రాశాడు."

నాయన మిషను ఆపి దారం ఎక్కించుకుంటూ, "డబ్బుల్లేని పిల్లోడా?" అన్నాడు.

"ఊఁ."

"అయితే రాయచ్చులే," అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు.

నేను రెండేళ్ళు తిట్టుకున్న శైలి మీద ఇంతకంటే మంచి సమర్థన ఇప్పటిదాకా ఎక్కడా చదవలేదు.

నిజానికి ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది బెంచ్ కాదు, ఇంజనీరింగ్ మూడో ఏడు. 2018. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు ఇంకా రాలేదు, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తాం, లేకపోతే హాల్ టికెట్ ఇవ్వం అని కాలేజీలో చెప్పారు. 22 వేలు. పరీక్షలు వారం రోజుల్లో. ఆ రోజు నేను హాస్టల్ గదిలోంచి కదల్లేదు. ఎవరినడగాలి? మేనమామనా? ఆయనకి మొన్ననే నాయన ఇవ్వాల్సింది ఉంది కదా. నాయనకి ఫోన్ చేస్తే మొదటి మాట ఏమనాలి? "బాగుండావా" అని మొదలుపెడితే డబ్బు కోసం చేశానని తెలిసిపోతుంది. డైరెక్టుగా అడిగితే ఆయన ముఖం ఎలా అవుతుంది? ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు మార్చుకున్నానో. మధ్యలో పుస్తకం తెరిచి నాలుగు లైన్లు చదవడం, ఒక్క ముక్కా ఎక్కకపోవడం. సాయంత్రం రూమ్మేట్ వచ్చి "ఏం చేశావురా రోజంతా?" అంటే "ఏం లేదు, పడుకున్నా" అన్నాను. రాత్రికి ఫోన్ చేశాను. రెండ్రోజులకి నాయన డబ్బు పంపాడు. ఎక్కడ తెచ్చాడో ఇప్పటికీ అడగలేదు.

ఆ రోజు గురించి ఎవరైనా మామూలు పద్ధతిలో కథ రాస్తే ఏం రాస్తారు? "ఫీజు కట్టమన్నారు. అతను రోజంతా బాధపడ్డాడు. రాత్రి తండ్రికి ఫోన్ చేశాడు." మూడు వాక్యాలు. మూడూ నిజమే. కానీ ఆ మూడింటిలోనూ నా రోజు లేదు. ఆ "రోజంతా" అనే ఒక్క మాట లోపలికి వెళ్ళి, గంట గంటా, నిమిషం నిమిషం రాస్తే వచ్చేదే అంపశయ్య. అంపశయ్య అంటే భీష్ముడు పడుకున్న బాణాల పడక కదా. ఆయన ఒక్క బాణం మీద పడుకోలేదు. ఏ బాణం ఎక్కువ గుచ్చుకుందో వరసగా చెప్పమంటే చెప్పలేడు కూడా. వరస లేకపోవడమే అక్కడి బాధ. దాన్ని నీటుగా సర్ది చెప్పిన రచయిత మనకి అర్థమవుతాడేమో కానీ అబద్ధం చెప్పినట్టవుతుంది.

అలాగని కష్టంగా ఉన్న ప్రతి పుస్తకమూ గొప్పదని నేను ఒప్పుకోను. ఈ మధ్య ఆ ఫ్యాషన్ కూడా ఉంది. నా మట్టుకు నేను ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాను. ఈ పుస్తకాన్ని సాఫీగా తిరగరాస్తే ఏమైనా పోతుందా? ఏమీ పోకపోతే ఆ కష్టం అనవసరం, రచయిత మనమీద దర్జా ఒలకబోస్తున్నట్టే. పోతే మాత్రం ఆ కష్టానికి ఒక కారణం ఉన్నట్టు. గోపీచంద్ గారి "అసమర్థుని జీవయాత్ర" తీసుకోండి. అది కూడా మనసు లోపలి కథే. కానీ సీతారామారావుని రచయిత కొంచెం దూరంగా నిలబడి మనకి చూపిస్తాడు. తనని తాను మోసం చేసుకునే మనిషి కథకి ఆ దూరం కావాలి, లేకపోతే ఆ మోసం మనకి కనబడదు. అక్కడ ఆ పద్ధతే సరైనది. రావిశాస్త్రి గారి "అల్పజీవి"లో సుబ్బయ్య భయాలు చదివినప్పుడు రెండిటికీ మధ్యలో ఉన్నట్టనిపించింది. అంటే పద్ధతి ఏదైనా సరే, లోపలున్న సరుకుకి సరిపోయిందా లేదా అన్నదే లెక్క. ఈ పరీక్షలో అంపశయ్య పాసయింది. నేను చదవలేక వదిలేసిన కొన్ని ఇంగ్లీషు నవలలు కాలేదు, పేర్లు చెప్పను, మీలో వాటి అభిమానులు ఉండొచ్చు.

అంపశయ్యతో నాకు పేచీలు లేవా అంటే ఉన్నాయి. ఒకటి, నిడివి. ఒకే బాధ మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆలోచన అలాగే తిరుగుతుంది నిజమే, అయినా కొన్ని చోట్ల నేను పేజీలు గబగబా తిప్పిన మాట వాస్తవం. రెండోది, ఆడపిల్లల గురించి రవి ఆలోచనలు. ఆ వయసు కుర్రాడి తల లోపల ఏముంటుందో నవీన్ గారు దాచలేదు, అది నిజాయితీయే. కానీ నవలంతా రవి తల లోపలే ఉండటం వల్ల ఆ అమ్మాయిలు ఏమనుకుంటున్నారో మనకి ఎప్పటికీ తెలీదు. ఈ పద్ధతికి ఉన్న పెద్ద లోటు ఇదే అనుకుంటా. ఒకరి లోపల ఎంత వెలుగు వేస్తే చుట్టూ ఉన్నవాళ్ళు అంత చీకట్లోకి పోతారు. మా చెల్లెలు చదివితే ఏమంటుందో నాకు తెలుసు, అందుకే ఇంకా ఇవ్వలేదు.

ఇంకో మాట. మా కావలి సాహిత్యానికి కొత్త ఊరేమీ కాదు. విప్లవ కవి కె.వి. రమణారెడ్డి గారు మా జవహర్ భారతి కాలేజీలో పాఠాలు చెప్పారు. అలాంటి ఊళ్ళో పుట్టి కూడా ఇంటర్ నుంచి ఇంజనీరింగ్ దాకా మా తరం చదివింది మోడల్ పేపర్లు, ఆల్ ఇన్ వన్‌లు. ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు, ఒకటి కరెక్టు. అలా తయారైన బుర్రకి "ఇక్కడ ఏం జరుగుతోంది?" అనే ప్రశ్నకి వెంటనే సమాధానం దొరక్కపోతే ఊపిరాడదు. నా రెండు ఓటముల్లో పుస్తకం వాటా కంటే ఈ అలవాటు వాటా ఎక్కువ అని ఇప్పుడు అనిపిస్తోంది.

చదవాలనుకునేవాళ్ళకి నాకు తోచిన సలహాలు. కుదిరితే ఒకటి రెండు రోజుల్లో చదివేయండి. ఒక్క రోజు కథని రోజుకి అయిదు పేజీల చొప్పున రెండు నెలలు చదివితే ఆ ఊపిరి తెగిపోతుంది. పేర్లు కాగితం మీద రాసుకోవద్దు, నేను చేసిన తప్పు అదే. అర్థం కాని చోట ఆగి వెనక్కి వెళ్ళొద్దు, ముందుకి పొండి, అవసరమైన ముక్క మళ్ళీ వస్తుంది. నచ్చితే రవి కథ అక్కడితో ఆగదు, "ముళ్ళపొదలు", "అంతస్స్రవంతి" అని ఇంకో రెండు నవలల్లో సాగుతుంది. నేను ఇంకా మొదలుపెట్టలేదు.

ఆరో వారంలో నాకు ప్రాజెక్టు దొరికింది. హైదరాబాదు బయల్దేరే రోజు నాయనకి అసలు విషయం చెప్పేశాను, ఇన్నాళ్ళూ పని లేకుండానే తలుపేసుకున్నానని. ఆయన ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "తెలుసులే. మీటింగంటావు, గొంతే ఇనపడేది కాదు" అన్నాడు. మరి అడగలేదేం అంటే, "అడిగితే ఏం చెప్తావు?" అన్నాడు. రైలు టైమయిందని సంచి అందించాడు.

ఇప్పుడు మా టీములో ఒక కొత్త కుర్రాడు ఉన్నాడు. ఒక్కోరోజు స్టాండప్‌లో "ఏం అప్‌డేట్ లేదు" అంటాడు. ఇంతకుముందైతే "ఎనిమిది గంటలు ఏం చేశావు మరి?" అని అడిగేవాణ్ణి, నన్ను అడిగినట్టే. ఇప్పుడు అందరి ముందూ అడగను. కాసేపాగి టీకి తీసుకెళతాను. వాడు ఏమైనా చెబుతాడా అంటే, ఇంతవరకూ చెప్పలేదు. టీ మాత్రం తాగుతాడు.